నూడుల్స్‌దేం తప్పు, మ్యాగీలా వండింది మనమైతే

సౌదీలోని దమ్మామ్ నుంచి సెలవు మీద వచ్చిన మా బాబాయి ఓసారి పెట్టె విప్పి ఖర్జూరాలు, టైగర్ బామ్, సెంటు సీసాలతో పాటు పది ఇండోమీ నూడుల్స్ ప్యాకెట్లు బయటికి తీశాడు. డ్యూటీ దిగి వచ్చాక వండుకునే ఓపిక లేని రాత్రి అక్కడి గదుల్లో అదే భోజనమట. మా పిన్ని తనకి అలవాటైన చేత్తోనే వండేసింది: గ్లాసున్నర నీళ్లు మరిగించి, నూడుల్స్ వేసి, లోపల దొరికిన పొట్లాలన్నీ చింపి అందులోనే కుమ్మరించింది. తియ్యగా, నల్లగా, పైన నూనె తేలుతూ చారు లాంటిదేదో వచ్చింది. ఇంటిల్లిపాదీ ఒకటే మాట, "దీనికంటే మన మ్యాగీయే నయం". బాబాయి మాత్రం ఏమీ అనకుండా తన గిన్నె ఖాళీ చేసి లేచాడు. మిగిలిన ప్యాకెట్లు డేట్ దాటిపోయేదాకా అలమరలోనే పడి ఉన్నాయి.

అవి 'మీ గోరెంగ్' అనే రకమని నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. ఇండోనేషియా భాషలో ఆ మాటకి అర్థమే వేయించిన నూడుల్స్, చారుకీ దానికీ సంబంధం లేదు. 1982 నుంచి వస్తున్న ఈ రకాన్ని ఉత్త నీళ్లలో మూడు నిమిషాలు ఉడికించాలి. అది ఉడికేలోపు కంచంలో తియ్యటి సోయా సాస్ (కెచప్ మానిస్ అంటారు), కారం సాస్, ఉల్లి వాసన పట్టిన నూనె, పొడి వేసి సిద్ధంగా పెట్టుకోవాలి. నూడుల్స్‌ని అన్నం వార్చినట్టు వార్చి, పొగలు కక్కుతుండగానే కంచంలో వేసి పులిహోర కలిపినట్టు కలపాలి. వేయించిన ఉల్లిపాయ ముక్కలు అన్నిటికంటే చివర, పంటి కింద కరకరలాడాలి కాబట్టి. ఇలా చేసుకుని తిన్నరోజు నాకు ముందు మా పిన్ని గుర్తొచ్చింది, ఆ తర్వాత అలమరలో పాడైపోయిన ప్యాకెట్లు గుర్తొచ్చి కడుపు మండింది.

ఇదంతా ఎందుకంటే, విదేశీ నూడుల్స్ రివ్యూలంటూ ఈమధ్య తెలుగులో వస్తున్నవాటిలో చాలావరకు మా పిన్ని చేసిన పొరపాటే. మనకి 1983లో మ్యాగీ వచ్చింది, దాంతోపాటే నూడుల్స్ అంటే రెండు నిమిషాలు, మసాలా నీళ్లలోనే, నీళ్లు ఇగిరితే అయిపోయినట్టు అన్న లెక్క మన వంటింట్లో స్థిరపడిపోయింది. ప్రపంచ ఇన్‌స్టంట్ నూడుల్స్ సంఘం లెక్కల ప్రకారం 2023లో మన దేశం సుమారు 868 కోట్ల సర్వింగులు తిని చైనా, ఇండోనేషియాల తర్వాత మూడో స్థానంలో నిలిచింది. అన్ని కోట్లు తింటున్నా మనకి తెలిసిన పద్ధతి మాత్రం ఒక్కటే, కొత్త ప్యాకెట్ ఏది దొరికినా దాన్ని అందులోకే లాక్కొస్తాం, ఆపైన బాలేదంటాం.

ఇక కారం సంగతి. కొరియా కంపెనీ సమ్యాంగ్ వాళ్ల బుల్డాక్ నూడుల్స్ 2012లో వచ్చాయి. కొరియన్‌లో బుల్ అంటే నిప్పు, డాక్ అంటే కోడి. మాటకి మాట తెలుగులోకి తెస్తే నిప్పుకోడి అవుతుంది, అది ఇంకో పక్షి, వదిలేయండి. దీని మీద మనవాళ్ల వీడియోలు రెండే రకాలు: కళ్లలో నీళ్లు, ముక్కులో నీళ్లు, పాల గ్లాసు ఒక రకమైతే, "గుంటూరోడికి ఇదో కారమా" అని మీసం తిప్పడం రెండోది. రెండో రకానికి అంకెల బలం కూడా ఉన్నట్టే కనిపిస్తుంది. కారాన్ని కొలిచే స్కోవిల్ లెక్కలో మామూలు బుల్డాక్ 4,404, మూడు రెట్ల కారం అని అమ్మేది 13,000, మన గుంటూరు సన్నం మిరప 35,000 పైమాటే. కానీ ఎండుమిరపకాయని విడిగా నమిలి ఎవరూ కడుపు నింపుకోరు కదా. కూరలో చెంచా కారం వేస్తాం, ఆ కూర మళ్లీ అంతంత అన్నంలో కలుస్తుంది, నెయ్యి పడుతుంది, చివర్న పెరుగుంటుంది. బుల్డాక్‌లో ఆ ఆసరా ఏదీ లేదు, సాస్ నేరుగా ప్రతి పోగుకీ అంటుకుని ఉంటుంది, పైగా ముందు తీపి తగిలి మోసం చేసి, మూడో ముద్దకి అసలు రంగు చూపిస్తుంది. 2024 జూన్‌లో డెన్మార్క్ ఆహార శాఖ కారం మరీ ఎక్కువైందని మూడు బుల్డాక్ రకాలని దుకాణాల నుంచి వెనక్కి రప్పించి, జూలైలో రెండింటిని మళ్లీ అనుమతిస్తే మనవాళ్లు తెగ నవ్వుకున్నారు. నవ్వుకోండి, కానీ మన నాలుక గట్టిదని చెప్పుకోవడం ఆ నూడుల్స్ మీద రివ్యూ కాదు. ప్యాకెట్ మీద ఐదు నిమిషాలు ఉడికించి, ఎనిమిది చెంచాల నీళ్లు ఉంచి మిగతావి పారబోసి, సాస్ వేసి అర నిమిషం పొయ్యి మీద తిప్పమని రాసుంటుంది. ఆ ఎనిమిది చెంచాలు ఉంచకపోతే సాస్ పోగులకి పట్టకుండా అడుగున ముద్దకట్టి మాడుతుంది. ఈ సంగతి చెప్పిన తెలుగు వీడియో నాకైతే ఇంతవరకు తగల్లేదు.

పోగు గురించైతే అసలెవరూ మాట్లాడరు, నా లెక్కలో సగం మార్కులు దానికే పడాలి. ప్యాకెట్ వెనక 500, 501 అని అంకెలుంటాయి చూడండి, అవి సోడియం, పొటాషియం కార్బొనేట్లు. నూడుల్స్‌కి ఆ పసుపు ఛాయ, సాగే గుణం ఇచ్చేవి అవే, మన అప్పడాల పిండిలో కూడా ఇలాంటి క్షారమే పడుతుంది. 1958లో జపాన్‌లో ఇన్‌స్టంట్ నూడుల్స్ కనిపెట్టిన మొమొఫుకు ఆండో, భార్య టెంపురా (మన బజ్జీల్లాంటివి) వేయించడం చూసి పట్టుకున్న కిటుకు కూడా మన వంటింటికి కొత్తేం కాదు: ఉడికిన నూడుల్స్‌ని నూనెలో వేస్తే తడి ఆవిరైపోయి లోపల సన్నటి బెజ్జాలు మిగులుతాయి, తర్వాత వేడినీళ్లు ఆ బెజ్జాల్లోకే దూరతాయి. పోగు సన్నగా ఉంటే రెండు నిమిషాలు చాలు, కొరియా షిన్ రామ్యున్ (వాళ్ల చారు నూడుల్స్) లాంటి లావు పోగుకి నాలుగున్నర కావాలి, సింగపూర్ ప్రైమా టేస్ట్ వాళ్ల లక్సాకి (కొబ్బరిపాల చారు నూడుల్స్) ఏడు. అమెరికాలో హాన్స్ లీనెష్ అని ఒకాయన 2002 నుంచి రామెన్ రేటర్ పేరుతో వేల ప్యాకెట్లకి మార్కులు వేస్తున్నాడు, ఆ లక్సా ఆయన జాబితాల్లో ఏళ్లకేళ్లు పైనే ఉంది. ఆయన పద్ధతి నాకు నచ్చుతుంది. ముందు ప్యాకెట్ మీద ఉన్నట్టే వండి రుచి చూస్తాడు, గుడ్డూ మాంసం లాంటి హంగులన్నీ ఆ తర్వాతే.

నేపాల్ వాయ్ వాయ్ సంగతి ఇంకా అన్యాయం. చౌదరీ గ్రూప్ 1980ల్లో నేపాల్‌లో అమ్మడం మొదలుపెట్టిన ఈ నూడుల్స్‌కి ఉప్పూకారం ముందే పట్టించి ఉంటుంది. అక్కడి పిల్లలు ప్యాకెట్‌ని గుప్పిట్లో నలిపి, పొడి వేసి ఊపి అలాగే తినేస్తారు. ఉల్లిపాయ, పచ్చిమిర్చి తరిగి నిమ్మకాయ పిండితే అచ్చం మన మిక్చర్ బండి రుచి. దీన్ని ఉడకబెట్టి చప్పగా ఉందనడం, మురుకులు నీళ్లలో నానబెట్టి మెత్తగా ఉన్నాయనడం లాంటిది.

జపాన్‌లో 2016లో వాలెంటైన్స్ డే కోసమని చాక్లెట్ సాస్ యాకిసోబా (వాళ్ల వేపుడు నూడుల్స్) తెచ్చారు. నేను తినలేదు, తినాలనీ లేదు. సరదాకి కొన్నాళ్లు అమ్మే అలాంటివి పట్టుకుని "జపాన్‌వాళ్లు ఇవే తింటారు" అనే వీడియోల జోలికి పోకండి. ధర కూడా అంతే. ఇండోనేషియాలో మీ గోరెంగ్ మన డబ్బుల్లో ఇరవై లోపే, నెలాఖరు రోజుల తిండి అది. ఇక్కడ దిగుమతి సరుకుల దుకాణంలో దానికి కొన్ని రెట్లు పోసి కొని "ఈ రేటుకి ఇదేనా" అంటే, ఆ మాట దుకాణంవాడితో అనాలి.

ఇంకో తిరకాసు పచ్చచుక్క. కొరియా రామ్యున్ చారుకి వెన్నెముక బీఫ్, చేప, కోడి. మన కంపెనీలు కొరియన్ రుచి అంటూ పచ్చచుక్కతో అమ్మేవాటిలో అవుండవు, కారం, తీపి, వెల్లుల్లి మాత్రం దండిగా ఉంటాయి. తినడానికి కొన్ని బాగానే ఉంటాయి, నేనూ కొంటాను. కానీ అవి తిని కొరియా నూడుల్స్ ఇంతేనని తేల్చేయకూడదు. శాకాహారులకైతే పచ్చచుక్క ఉందో లేదో చూడటం, లోపల సరుకుల జాబితా చదవడం రుచి కంటే ముందు పని.

పోయిన నెల కొన్న ఒక ప్యాకెట్ మీద దిగుమతిదారు తెల్ల స్టిక్కర్ సరిగ్గా వండే విధానం మీదే అంటించి ఉంది. పేరు, అడ్రసు, ధర అన్నీ ఉన్నాయి, ఎలా వండాలో తప్ప. తడిబట్టతో నానబెట్టి, గోటితో గీకి, చివరికి మా ఆవిడ హెయిర్ డ్రయర్‌తో వేడి చేస్తే సగం ఊడింది. కింద మూడు బొమ్మలు. మొదటి దాంట్లో గిన్నె, రెండో దాంట్లో గడియారం, మూడో దాంట్లో నీళ్లు వార్చే జల్లెడ. స్టిక్కర్ తీయకపోయి ఉంటే నేనూ గ్లాసున్నర నీళ్లే పెట్టేవాణ్ని.