కేకు మీద అక్షరాలకు ఇంత నిర్లక్ష్యమా?

పొరలు సమంగా కోసి, క్రీమును అద్దంలా నునుపు చేసి, అంచుల చుట్టూ పూలు తీర్చడానికి గంటలు వెచ్చించేవారు, చివరికి పేరు రాయవలసి వచ్చేసరికి ఎందుకింత తొందరపడతారు? మొదటి అక్షరాలు పెద్దవిగా, ధీమాగా ఉంటాయి. చోటు చాలదని అప్పుడు తెలుస్తుంది కాబట్టి మిగిలినవి కుంచించుకుపోయి, ఒకదాని మీద ఒకటి ఎక్కి, ఆఖరిది అంచు దాటి పక్కకు జారిపోతుంది. పుల్లతో సన్నని గీత గీసి, అక్షరాలు లెక్కపెట్టి, మధ్య అక్షరం ఎక్కడ పడాలో గుర్తు పెట్టుకోవడానికి ఎంతసేపు పడుతుంది?

క్రీము నింపిన సంచి చివర తొడిగే నాజిల్ మొనను కేకు మీది క్రీములో గుచ్చి గీకితే అక్షరం రాదు, గాడి పడుతుంది. మొనను కాస్త పైన ఉంచి, సమానమైన ఒత్తిడితో క్రీము తీగను కిందికి వాలనివ్వాలి. అక్షరం ముగిసే చోట ముందు ఒత్తిడి ఆపి, తరువాతే చేయి ఎత్తాలి. ఈ క్రమం తప్పినందువల్లే ప్రతి అక్షరానికీ తోక మిగులుతుంది. వెన్న క్రీము అరచేతి వేడికి మెత్తబడుతుందని తెలిసీ సంచిని నిండా నింపడం ఎందుకు? గాలి బుడగలు తీయకుండా మొదలుపెట్టి, వట్రుసుడి మధ్యలో తీగ తెగిందని వాపోవడం ఎందుకు?

తెలుగు అక్షరాలకు జరిగేది మరీ అన్యాయం. ఒత్తులకు కింద చోటు వదలరు, గుడికీ గుడిదీర్ఘానికీ తేడా కనిపించనివ్వరు. పేరు తప్పుగా పడితే అది అలంకరణ కాదు, ఆ మనిషికి జరిగిన అవమానం. చల్లబరచి గట్టిపడిన కేకు మీద రాస్తే, తప్పు పడిన అక్షరాన్ని పుల్లతో ఎత్తి తీసేయవచ్చు. అదీ చేయకుండా, ఆ తప్పు మీదే మరో రంగు పూసి చేతికిచ్చేస్తే ఎలా ఒప్పుకుంటాం?