దొరికిందని చెప్పినవాడికి డబ్బిస్తేనే చరిత్ర దక్కుతుంది

ఏడాదికోసారైనా ఆ వార్త మన సైట్లలో కనిపిస్తుంది. ఇంగ్లండ్‌లో ఎవరో పొలంలో మెటల్ డిటెక్టర్ తిప్పుతుంటే రోమన్ నాణేల కుండ తగిలింది, రాత్రికి రాత్రే లక్షాధికారి అయిపోయాడు. చదివినవాళ్లు అదృష్టమనుకుని వదిలేస్తారు. అదృష్టం మాట అటుంచండి. దొరికినవాడు దాచుకోకుండా, కరిగించుకోకుండా ఫోన్ చేసి మరీ ఎందుకు చెప్పాడన్నది అసలు ప్రశ్న. మొహమాటం లేని జవాబు ఏమిటంటే, చెప్తే డబ్బొస్తుంది, చెప్పకపోతే కేసవుతుంది, రెండూ అతనికి ముందే తెలుసు.

అక్కడి ట్రెజర్ చట్టం 1996 నాటిది. 300 ఏళ్లు దాటి, బరువులో కనీసం 10 శాతం బంగారమో వెండో ఉన్న వస్తువైనా, ఒకేచోట దొరికిన రెండు బంగారు, వెండి నాణేలైనా (రాగివైతే పది) 14 రోజుల్లో కరోనర్‌కు (నిధులపై విచారణ జరిపే అధికారికి) చెప్పాలి. మ్యూజియం తీసుకుంటే నిపుణుల కమిటీ కట్టిన మార్కెట్ ధరలో మామూలుగా దొరికినవాడికి సగం, పొలం యజమానికి సగం. అడగకుండా పొలంలో దిగినవాడికి వాటా కోతే, ఒక్కోసారి సున్నా. ఈ చట్టం కిందకు రాని బకిళ్లు, సీసపు ముద్రలు, విడి నాణేల కోసం 1997లో పోర్టబుల్ యాంటిక్విటీస్ స్కీమ్ అనే నమోదు పథకం పెట్టారు. దొరికినవి చూసి రాసుకోవడానికి జిల్లాల్లో దానికి ఫైండ్స్ లైజన్ ఆఫీసర్లున్నారు. ఇప్పటికి 15 లక్షలకు పైగా వస్తువులు నమోదయ్యాయి.

ఇంతా చేసి ఆ దేశం డబ్బు పోసి కొంటున్నది, వస్తువుకన్నా ఎక్కువగా, అది దొరికిన చోటుని. పొలంలో పని ఎలా సాగుతుందో చూస్తే ఇది తెలుస్తుంది. గోధుమ కోతలయ్యాక కొయ్యకాళ్ల మీద, మళ్లీ విత్తేలోపు దిగుతారు. డిటెక్టర్ అడుగున ఉండే 11 అంగుళాల చక్రాన్ని (కాయిల్‌ను) నేలను రాసుకునేంత దగ్గరగా, ప్రతి ఊపూ వెనకటి ఊపు మీద సగం పడేలా తిప్పాలి. ఊపు చివర చెయ్యి పైకి లేచిందా, లోతున్న నాణెం తప్పిపోయినట్టే. ఇనుప సిగ్నళ్లను పూర్తిగా నొక్కేస్తే చెవికి హాయిగానే ఉంటుంది గానీ, తుప్పు మేకు పక్కనున్న వెండి నాణెం కూడా దానితోపాటే మూగబోతుంది. 20 సెంటీమీటర్లు దాటితే చిన్న వెండి నాణెం వినపడటమే కష్టం. అంటే దొరికేవాటిలో చాలావరకు నాగలి తిరగేసిన మన్నులోవే. 25, 30 సెంటీమీటర్ల కింద మన్ను రంగు మారి గట్టిపడుతుంది, అది నాగలి తాకని పొర. సిగ్నల్ అక్కడి నుంచి ఇంకా బలంగా వస్తుంటే పార పక్కన పెట్టెయ్యాలి. అత్యాశ పని చెడగొట్టేది సరిగ్గా అక్కడే.

పైపొరలో దొరికిన ప్రతిదానికీ వేరే సంచి, దాని మీద నంబరు, మ్యాపులో ఆ చోటును చెప్పే పది అంకెల గ్రిడ్ రిఫరెన్స్ ఉండాలి. పది అంకెలంటే మీటరు చదరం. ఆరే రాస్తే వంద మీటర్ల చదరం, అప్పుడది ఏ చేనిదో కూడా తేలదు. బొమ్మ చూద్దామని బొటనవేలితో రుద్దితే మట్టిలోని ఇసుకే అక్షరాలను గీకేస్తుంది. చింతపండో వెనిగరో పట్టిస్తే పచ్చటి పొరతోపాటు అచ్చూ లేచిపోతుంది.

2010లో సోమర్‌సెట్‌లోని ఫ్రోమ్ దగ్గర ఒకాయన ఇలాగే తవ్వి, కుండ మూతి, నాణేలు కనపడగానే ఆపేశాడు. గుంట పూడ్చి ఆఫీసర్‌కు కబురు పెట్టాడు. పురావస్తు నిపుణులు వచ్చి పొరపొరగా తీస్తే 52,503 నాణేలు, బరువు సుమారు 160 కిలోలు. విడ్డూరమేమిటంటే, చివరి కాలపు, అంటే బ్రిటన్‌ను ఏలిన రోమన్ చక్రవర్తి కరౌసియస్ నాణేలు చాలావరకు పైన లేవు, లోపలి పొరల్లో ఉన్నాయి. ఏళ్ల తరబడి కూడబెట్టిన కుండైతే కొత్తవి పైనుండాలి కదా. ఒకేసారి నింపారన్నమాట. బహుశా దేవుడికి అర్పించిందేమోనన్న వాదన అక్కడి నుంచే పుట్టింది. పారతో లాగి గోనెసంచిలో పోసుంటే నాణేలన్నీ మిగిలేవి, ఈ మాట మాత్రం మిగిలేది కాదు.

2015లో హెరెఫర్డ్‌షైర్‌లో సరిగ్గా అదే జరిగింది. వైకింగుల కాలపు నిధి దొరికితే చెప్పకుండా విడివిడిగా అమ్మేశారు. సుమారు 300 నాణేలుండాలని అంచనా. 2019లో జైలు శిక్షలు పడేనాటికి చేతికొచ్చినవి 30 చిల్లర. పోయినవి మామూలు నాణేలు కూడా కావు. వెసెక్స్ రాజు ఆల్ఫ్రెడ్ వైపు రాసిన చరిత్రలో పక్క రాజ్యం మెర్సియా రాజు రెండో కియోల్‌వుల్ఫ్ వైకింగుల చేతిలో కీలుబొమ్మ. ఈ నాణేల మీద మాత్రం ఇద్దరి పేర్లా ఒకే రకం ముద్ర, పక్కపక్కన ఇద్దరు చక్రవర్తుల బొమ్మ. మిత్రుడి పేరు తర్వాత చెరిపేశారన్న అనుమానానికి ఇంతకన్నా ఏం కావాలి?

డబ్బు ఆశ చూపితే ప్రతివాడూ గుంటలు తవ్వుతాడని, చరిత్ర లాటరీ అవుతుందని అభ్యంతరం. ఐర్లండ్‌లో అనుమతి లేకుండా పురావస్తువుల కోసం డిటెక్టర్ తిప్పడమే నేరం. చట్టానికి చిల్లులున్నమాటా నిజమే. 2010లో కంబ్రియాలో దొరికిన రోమన్ శిరస్త్రాణం ఒంటరి కంచు వస్తువు కాబట్టి ట్రెజర్ కాలేదు, వేలంలో దాదాపు 23 లక్షల పౌండ్లకు ప్రైవేటు చేతుల్లోకి పోయింది. ఆ చిల్లును 2023లో కొంతవరకు పూడ్చారు. అయినా నాగలి ఏటా తిరగేసే పొరను నిషేధం కాపాడలేదు. ఇంగ్లండ్‌లోని రెండల్‌షామ్‌లో దొంగచాటు తవ్వకాలపై పొలం యజమాని ఫిర్యాదు చేస్తే, కౌంటీ పురావస్తు విభాగం 2008 నుంచి డిటెక్టర్ తిప్పేవాళ్లనే పిలిచి చేనంతా సర్వే చేయించింది. ఆంగ్లో సాక్సన్ రాజుల నివాసం బయటపడింది.

ఇక మన సంగతి. ఇంటి పునాదిలోనో ఉపాధి హామీ పనిలోనో లంకెబిందె తగిలితే జరిగేదేమిటో అందరికీ తెలుసు. అక్కడికక్కడే పంపకాలు, వాటా కుదరనివాడి ఫిర్యాదు, పోలీసులు, తహసీల్దారు, పంచనామా. అప్పటికే సగం కంసాలి మూసలోకి చేరి ఉంటుంది. మనకూ చట్టముంది, 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం. కలెక్టర్‌కు చెప్పినవాడికి, హక్కుదారు తేలకపోతే, ముప్పావు వంతు, స్థల యజమానికి పావు వంతు అని అందులోనే ఉంది. చెప్పకపోతే ఏడాది దాకా జైలు. ఊళ్లో ఆ రెండోదే తెలుసు.

కానీ తిరకాసంతా 16వ సెక్షన్‌లో ఉంది. ప్రభుత్వం నిధిని తీసుకుంటే కట్టేది లోహం విలువ, దాని మీద ఐదో వంతు. శాతవాహనుల నాణేల్లో బోలెడు సీసానివి. శాసనాలకెక్కని రాజు పేరున్న నాణేన్ని సీసం రేటుకు ఎవడు తెచ్చిస్తాడు? కంసాలీ తూకానికే కొంటాడు, కాకపోతే స్టేషన్ చుట్టూ తిప్పడు. కోటిలింగాలలో గోబద, నారన, కమ్వాయ, సమగోప లాంటి శాతవాహన పూర్వ రాజుల పేర్లు, సిముకుడి నాణేలు వెలుగుచూడటంలో గోదావరి ఒడ్డున ఏరి దాచిన స్థానిక ఔత్సాహికుల చెయ్యి ఉంది. వాళ్లను కదిలించింది చట్టం కాదు, ఆసక్తి. అంత ఆసక్తి అందరికీ ఉంటుందనుకోవడం ప్రభుత్వం చెయ్యాల్సిన పని కాదు.

గుడి పక్కన రాత్రిపూట గుప్తనిధుల ముఠాలు తిరిగే చోట డిటెక్టర్లకు లైసెన్సులిమ్మని ఎవరూ అడగట్లేదు. నందిని పగలగొట్టేవాడికి శిక్ష పడాల్సిందే. పునాది తవ్వుతుంటే బిందె తగిలిన మేస్త్రీ వేరు. 16వ సెక్షన్‌లో లోహం విలువ అన్నచోట మార్కెట్ విలువ అని మార్చాలి. జిల్లాకొక పురావస్తు అధికారిని పెట్టి, ఆయన ఫోన్ నంబరు పంచాయతీ గోడ మీద రాయించాలి. పోలీసులకన్నా ముందు ఆయనే రావాలి, డబ్బు కూడా ఆ ఏడాదే చేతికందాలి.