ఫీడ్ పంపు తీసేసి కరెంటు పంపు పెట్టించకండి

పాత లారీ ఘాట్‌లో లాగడం లేదంటే చాలు, బానెట్ ఎత్తకముందే, ట్యాంకు నుంచి డీజిల్ లాగి ఇంజను వైపు పంపే ఫీడ్ పంపు పోయిందని తేల్చేస్తున్నారు. ఆ వెంటనే రెండో మాట: "పాతది ఎందుకండీ, కరెంటు పంపు పెట్టేద్దాం." కోరాపుట్ దగ్గర సెమిలిగుడలో మా ఇంటి ముందున్న టాటా 1210కీ ఇదే సలహా ఇచ్చారు. సాలూరు నుంచి సుంకి, పొట్టంగి మీదుగా కోరాపుట్‌కు మా నాన్నగారు ఏళ్ల తరబడి సరుకు తోలిన బండి అది. ఆ సలహా మీద నాకు కోపం ఇంకా తగ్గలేదు.

అసలు ఆ పంపు చేసే పని చూడండి. ఇంజనులోకి డీజిల్‌ను ఒత్తిడితో చిమ్మించే ఇంజెక్షన్ పంపు పక్కన మూడు నట్లతో బిగించి ఉంటుంది. ఇంజెక్షన్ పంపు లోపల తిరిగే క్యామ్ (ఇరుసు మీది ఉబ్బెత్తు భాగం) ఫీడ్ పంపు రోలర్‌ను తోస్తే స్ప్రింగు నొక్కుకుంటుంది. ఆ స్ప్రింగు తిరిగి విచ్చుకుంటూ డీజిల్‌ను ఫిల్టర్‌కు పంపుతుంది. ఫిల్టర్ వైపు ఒత్తిడి చాలినంత ఉంటే స్ప్రింగు పూర్తిగా విచ్చుకోదు, డీజిల్ కూడా తక్కువే వెళుతుంది. ఇంజనుకు ఎంత కావాలో అంతే. వైరు లేదు, ఫ్యూజు లేదు, రిలే లేదు. 1954లో జర్మనీ కంపెనీ డైమ్లర్-బెంజ్ సహకారంతో టాటా వారి టెల్కో లారీలు మొదలుపెట్టిన కాలపు ఆలోచన ఇది. 1969లో ఆ ఒప్పందం ముగిసినా ఈ పద్ధతి మాత్రం నిలిచింది, ఎందుకంటే అది పనిచేస్తుంది.

ఘాట్ మలుపులో బ్యాటరీ పడిపోయినా, వాలులో దొర్లించి గేరు వేస్తే ఈ బండి అందుకుంటుంది. ఒకసారి అందుకున్నాక ఆ ఇంజనుకు కరెంటుతో పనే లేదు. దానికి కరెంటు పంపు తగిలిస్తే, తుప్పు పట్టిన ఒక్క టెర్మినల్ చాలు లోడు బండిని ఎక్కుడులో ఆపేయడానికి. పైగా వైరింగ్ సరిగా చేయకపోతే ఇంజను ఆగినా ఆ పంపు తిరుగుతూనే ఉంటుంది. ప్రమాదంలో పైపు తెగితే డీజిల్ అంతా బయటికే. ఇది బాగుచేయడం ఎలా అవుతుంది?

నిజానికి చాలాసార్లు పోయింది పంపు కాదు, గాలి చొరబడుతోంది. ట్యాంకు నుంచి పంపు దాకా ఉన్నది పీల్చే వైపు. అక్కడ సందు ఉంటే సాధారణంగా బయటికి చుక్క కారదు, గాలి లోపలికి పోతుంది. అందుకే ఎవరి కంటా పడదు. పాత రాగి వాషర్, పగిలిన రబ్బరు పైపు, ప్రీ ఫిల్టర్ గిన్నె కింద ఎండిపోయిన సీలు: దొంగ వీటిలోనే ఉంటాడు. ట్యాంకు మూత గాలి రంధ్రం మూసుకుపోయినా బండి ఇలాగే నీరసిస్తుంది. శుభ్రమైన డబ్బాలో డీజిల్ పోసి, పారదర్శకమైన పైపుతో నేరుగా పంపుకు కలిపి నడిపి చూడండి. బండి చక్కగా లాగితే పంపు నిర్దోషి. ఈ పరీక్షకు అరగంట కూడా పట్టదు. ఇది చేయకుండా పంపు మార్చమనే మెకానిక్‌ను నేను నమ్మను.

మా బండిది మాత్రం నిజంగానే పోయింది. ఇంజెక్షన్ పంపుకు సొంత ఆయిల్ ఉండే పాత రకం అది. ఆయిల్ మట్టం పెరిగింది, వేలికి రాసుకుంటే నీళ్లలా జారింది, డీజిల్ వాసన గుప్పుమంది. ఫీడ్ పంపు పుష్ రాడ్ (రోలర్ తోపును లోపలికి అందించే కడ్డీ) అరిగి డీజిల్ అటు దిగుతోందన్నమాట. అలా వదిలేస్తే ఖరీదైన ఇంజెక్షన్ పంపే అరిగిపోతుంది. అదే రకం మెకానికల్ పంపు తెప్పించి వేయించాను. క్యామ్ దిగిన స్థానానికి ఇంజను తిప్పి పెడితే స్ప్రింగు ఎదురు తన్నదు. నట్లు మూడూ కొద్దికొద్దిగా, సమంగా బిగించాలి. ప్యాకింగ్ కొత్తది, పైపు చివరి కన్నును బిగించే బాంజో బోల్టు (లోపల బోలుగా ఉండే బోల్టు) దగ్గర ఆ కన్నుకు రెండు వైపులా రాగి వాషర్లు కొత్తవి. పాడైన ఆయిల్ తీసేసి కొత్తది పోయాలి. తర్వాత ఫిల్టర్ మీది స్క్రూ వదులు చేసి, హ్యాండ్ ప్రైమర్ (పంపు మీద చేత్తో కొట్టే పిడి) కొడుతూ నురగ ఆగి తేట డీజిల్ వచ్చేదాకా ఎయిర్ తీయాలి. ఆఖరున ప్రైమర్ పిడిని మళ్లీ గట్టిగా తిప్పి బిగించాలి. అది మరిచిపోతే అక్కడి నుంచే గాలి పడుతుంది.

కోరాపుట్, జయపురం, సాలూరు షెడ్ల వాళ్లకు నా విన్నపం ఒకటే. తీసిన పాత పంపును తుక్కులో పడేయకండి, యజమాని చేతికివ్వండి. వాల్వులు, స్ప్రింగులు, పిడి ఇంకో బండికి పనికొస్తాయి. దాని మీద హక్కు కూడా ఆయనదే.