అవన్నియు అంటే ఏవి?

బుధవారం సాయంత్రపు కూడికలో వాక్యం చెప్పమని పాస్టరు గారు అడిగినప్పుడు నేను వెంటనే ఒప్పుకోలేదు. వినయం కోసం రెండు క్షణాలు ఆగాను. అంతలో ఆయన మనసు మార్చుకుంటారేమోనని భయం వేసి ఒప్పేసుకున్నాను. వచనం కూడా ఆయనే ఇచ్చారు. మత్తయి సువార్త 6వ అధ్యాయం, 33: ‘కాబట్టి మీరు ఆయన రాజ్యమును నీతిని మొదట వెదకుడి, అప్పుడవన్నియు మీకనుగ్రహింపబడును.’

దేవునికి మొదటి స్థానం ఇవ్వడం గురించి మాట్లాడటానికి నాకున్న అర్హత ఏమిటో ముందే చెప్పుకోవాలి. ఏటా జనవరి 1న బైబిలును మొదటి పేజీ నుంచి మొదలుపెడతాను. 66 పుస్తకాలు, 1189 అధ్యాయాలు. రోజుకు మూడో నాలుగో చదివితే ఏడాదికి పూర్తి. లెక్కలో ఏ లోపమూ లేదు. అందుకే మొదటి పుస్తకమైన ఆదికాండము నాకు దాదాపు కంఠతా వచ్చు, మూడోదైన లేవీయకాండముతో ఇంకా ముఖపరిచయమే లేదు. ఆలస్యమైన రోజున 117వ కీర్తన చదువుకుంటాను. దానికి రెండే వచనాలు. ఆలస్యం కాని రోజు ఈమధ్య రాలేదు. 176 వచనాల 119వ కీర్తనకు దూరం నుంచే నమస్కారం. ప్రభువు ఇంకా చీకటి ఉండగానే లేచి ప్రార్థనకు వెళ్లారని మార్కు తన సువార్తలో రాశాడు కదా, నేనూ చీకటితోనే లేస్తాను. పరుపు మీదే కూర్చుని భక్తిగా కళ్లు మూసుకుంటాను. ఆ తర్వాత ఏం జరుగుతుందో నాకు తెలియదు. నా భార్యకు తెలుసు, ఆ గురక ఆవిడకే వినపడుతుంది.

ప్రసంగం రాసుకోవడానికి తెల్ల కాగితం వెదికితే ఇంట్లో ఒక్కటీ లేదు. బల్ల సొరుగులో ఒకవైపు రాసి, రెండో వైపు ఖాళీగా ఉన్నది కనిపించింది. ఖాళీగా ఉన్నవైపు చూసి సంతోషించిన నేను రాసి ఉన్నవైపు చూడలేదు. నా చేతిరాతే కదా అనుకున్నాను. నా చేతిరాతే.

కూడికలో మొదటి పావుగంట అద్భుతంగా సాగింది. నా నోటి నుంచి అంత మంచి మాటలు రావడం చూసి నాకే ఆశ్చర్యం వేసింది. లూకా సువార్త 14వ అధ్యాయం ఎత్తుకున్నాను. గొప్ప విందుకు పిలిస్తే సాకులు చెప్పి తప్పించుకున్నవాళ్లు ముగ్గురు. ఒకడు పొలం కొన్నాడట, వెళ్లి చూడాలట. ఇంకొకడు ఐదు జతల ఎడ్లు కొన్నాడట, పరీక్షించాలట. “చూడకుండా పొలం కొనేవాడు ఉంటాడా? పరీక్షించకుండా ఎడ్లు కొనేవాడు ఉంటాడా? మనసు వస్తువుల మీద ఉంటే నోటికి సాకు దానంతటదే వస్తుంది!” అని గర్జించాను. మూడోవాడు పెళ్లి చేసుకున్నాడు. వాడి మీద గర్జించలేదు. నా భార్య రెండో వరుసలో కూర్చుని ఉంది.

ఆ ఊపులోనే వచనానికి వచ్చాను. కాగితం అడుగుకు చేరింది. “మొదట వెదకుడి! అప్పుడు... అవన్నియు... మీకనుగ్రహింపబడును!” అని, కాగితం తిప్పి అదే గొంతుతో చదివాను: “వెనక్కి వాలే కుర్చీ!”

ముందు వరుసలోని పెద్దావిడ బిగ్గరగా “ఆమెన్!” అన్నారు.

ప్రసంగం చేసేవాడి కంటికి అర్థమైనది నోటికి చేరడానికి కొంత సమయం పడుతుంది. ఆ లోపల తర్వాతి పంక్తి కూడా బయటికి వచ్చేసింది: “నల్లదే కావాలి. ఎర్రది వద్దు.”

మా ఆదివారపు బడిలో రంగులతో సువార్త నేర్పుతారు. నలుపంటే పాపం, ఎరుపంటే యేసు రక్తం. ఆ లెక్కన నేను నిండు కూడికలో నిలబడి ఏది కోరుకుని ఏది వద్దన్నానో చిన్నపిల్లలకు కూడా అర్థమైంది. ఒక పాప వాళ్లమ్మ కొంగు లాగి ఏదో అడిగింది. ఆవిడ ఆ పాప నోరు మూసింది.

కుర్చీ అంటే ఇక్కడ విశ్రాంతికి గుర్తు అని సర్దబోయాను. విశ్రాంతి ఇస్తానని యేసు పిలిచే ‘ప్రయాసపడి భారము మోసికొనుచున్న సమస్త జనులారా’ అన్న వచనం కూడా సమయానికి అందింది. గట్టెక్కానని అనుకుంటూ కాగితంలోకి చూస్తే మూడో పంక్తి: ‘పెద్ద టీవీ. ఎదురింటివాళ్ల దానికంటే పెద్దది.’ పది ఆజ్ఞల్లో పదోది, పొరుగువాడిది ఏదీ ఆశించకూడదన్నది, సరిగ్గా దీనికోసమే ఇచ్చినట్టు ఉంటుంది. టీవీని దేనికి గుర్తుగా చెప్పాలో తోచక, అందరినీ ప్రార్థనకు లేచి నిలబడమన్నాను. అంత చిన్న ప్రార్థన నేనెప్పుడూ చేయలేదు. అంత మనస్ఫూర్తిగానూ చేయలేదు.

“సహోదరుడు ఈరోజు హృదయం విప్పి మాట్లాడారు” అన్నారు పాస్టరు గారు. ఆయన ముఖంలో నవ్వు లేదు. కూడిక అయ్యాక ఒక కుర్రాడు బైబిలు పట్టుకుని వచ్చాడు. “అంకుల్, పై వచనాల్లో తినేది, తాగేది, కట్టుకునేది ఉన్నాయి. కూర్చునేది ఎక్కడుంది?” అని నిజంగానే అడిగాడు. అధ్యాయం పూర్తిగా చదివిన మనిషితో నేనేం వాదించగలను!

ఇంటికి వెళ్లే దారిలో నా భార్య ఒక్క మాటా అనలేదు. గుమ్మం దగ్గర మాత్రం, “ఎర్రది ఎందుకు వద్దు?” అంది.

పెద్దావిడ ఆమెన్ ఊరికే అనలేదు. రెండు రోజులు నా అవసరం కోసం ప్రార్థించి, మూడో రోజు తన ఇంట్లో ఉన్న చెక్క కుర్చీని మనవడితో పంపించారు. నిటారుగా ఉంది. వెనక్కి వాలదు, ముందుకీ వాలదు, అందులో కూర్చున్న మనిషినీ వాలనివ్వదు. రంగు చెప్పను.

ఇచ్చారు కదా అని ఉదయం ప్రార్థనకు దానిమీదే కూర్చుంటున్నాను. వీపు భాగంలో ఒక అడ్డకర్ర సరిగ్గా కునుకు వచ్చే చోట తగులుతుంది. నిద్ర పట్టకపోవడంతో 117వ కీర్తన రెండు నిమిషాల్లో అయిపోయి, చేయడానికి ఏమీ మిగలడం లేదు. మొన్న విధిలేక 118లోకి వెళ్లాను. 29 వచనాలు, నిన్నటితో అవీ అయిపోయాయి. తర్వాత ఏ కీర్తన వస్తుందో నాకు తెలుసు.

కుర్చీకి మెత్త ఒకటి ఉంటే బాగుంటుందని రాత్రే ఒక కాగితం మీద రాసుకున్నాను. ఒకవైపే.