నట్టనడుమ పెట్టె

వెబ్‌పేజీలో బటన్ నొక్కితే పైకి తేలే పాపప్ పెట్టెను, పేజీ రూపురేఖలు చెప్పే CSS భాషతో, తెర నట్టనడుమ నిలబెట్టడం నాకు కళ్లు మూసుకుని చేసే పని. లెఫ్ట్ 50%, టాప్ 50%, ఆపైన ట్రాన్స్‌ఫార్మ్‌లో ట్రాన్స్‌లేట్ మైనస్ 50%, మైనస్ 50%. మొదటి రెండూ పెట్టె ఎడమ పై మూలను తెర మధ్యకు తెస్తాయి, ట్రాన్స్‌లేట్ పెట్టెను దాని కొలతలో సగం ఎడమకూ సగం పైకీ జరుపుతుంది. అక్కడితో ఆగితే గొడవే లేదు. "కాస్త ఉబ్బుతూ రావాలండీ" అన్నాడు క్లయింటు. అదెంత పని! యానిమేషన్ దశలు రాసే కీఫ్రేమ్స్‌లో స్కేల్, అంటే సైజు, 0.8 నుంచి 1 దాకా, 0.3 సెకన్లు.

డెమోలో బటన్ నొక్కాను. పెట్టె కుడివైపు కిందుగా పుట్టి, అక్కడే ఉబ్బి, ఏదో గుర్తొచ్చినట్టు చటుక్కున మధ్యలోకి దూకింది.

"అది ఎఫెక్టాండీ?"

"అవునండీ" అనేశాను. నోటికి సిగ్గుండాలి.

స్కేలూ ట్రాన్స్‌లేటూ కూర్చునేది ఒకే ట్రాన్స్‌ఫార్మ్ కుర్చీలో. యానిమేషన్ వస్తూనే పాత విలువను లేపేసి తాను కూర్చుంటుంది. సర్దుకుని కూర్చోవడం దానికి తెలియదు. మనం ఏమీ చెప్పకపోతే జరిగేది ఇదే, దీని పేరు రీప్లేస్. ఆ 0.3 సెకన్లూ నా మైనస్ 50లు గాలికి పోయాయి.

తెలియక ట్రాన్స్‌లేట్ పక్కన ఇంపార్టెంట్ (ఈ విలువదే పైచేయి అని చెప్పే ముద్ర) తగిలించాను. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది. ఇంపార్టెంట్ ముందు యానిమేషన్ పప్పులుడకవు కదా, పెట్టె మధ్యలోనే ఉంది గానీ కొయ్యబారి నిలబడింది. పంతానికి కీఫ్రేమ్స్‌లోనూ ఇంపార్టెంట్ రాశాను. అక్కడ రాస్తే బ్రౌజర్ ఆ లైనునే లెక్కచేయదట!

చివరికి రెండూ పీకేసి, ట్రాన్స్‌లేట్‌ను కీఫ్రేమ్స్‌లోకీ కాపీ చేశాను. కుదిరింది. కుదిరినదాన్ని వదిలేస్తే నేనెందుకవుతాను? పాత విలువతో యానిమేషన్ విలువ ఎలా కలవాలో చెప్పే యానిమేషన్ కంపోజిషన్ అని ఒక ప్రాపర్టీ కంటబడింది. 2023 నుంచి పెద్ద బ్రౌజర్లన్నింట్లోనూ ఉంది. దానికి యాడ్ అని చెబితే పాత విలువ వెనకాలే కొత్తది చేరుతుంది. (అక్యుములేట్ అని ఇంకోటుంది. 5 పిక్సెళ్ల బ్లర్ (మసక) ఉన్నదానికి యానిమేషన్‌లో 10 ఇస్తే యాడ్ రెండు బ్లర్లనూ వరసగా వేస్తుంది, ఇది కూడేసి 15 చేస్తుంది. నాకు దాంతో పని పడలేదు, అదే పదివేలు.)

యాడ్ పెట్టాను. కాపీ చేసిన ట్రాన్స్‌లేట్ తీయడం మరిచాను. మైనస్ 50కి మైనస్ 50 తోడై, పెట్టె ఈసారి ఎడమవైపు పైన పుట్టి మధ్యలోకి దూకింది. ఇంట్లోవాళ్లు వింతగా చూసేంత గట్టిగా నవ్వాను, ఏడవలేక.

కాపీ తీసేశాక పెట్టె బుద్ధిగా మధ్యలోనే ఉబ్బింది. గర్వంగా చూపించాను.

"బాగుంది గానీ, ఆ దూకే ఎఫెక్ట్ తీసేశారేమండీ?"

యాడ్ చెరిపి మళ్లీ రీప్లేస్ రాశాను. పక్కనే కామెంట్: "కావాలనే పెట్టాం, సరిచేయొద్దు."