బియ్యం రంగు మారితే కార్బ్స్ తగ్గుతాయా?

"పది నిమిషాల్లో లో-కార్బ్ వంట", అంటే కార్బ్స్ (పిండి పదార్థాలు, చక్కెరలు) తక్కువగా ఉండే వంట అంటూ ఒక మెసేజ్ ఫోన్లలో తెగ తిరుగుతోంది. అందులో ఐదు మాటలున్నాయి: తెల్లన్నం మాని బ్రౌన్ రైస్ తినండి, చక్కెర బదులు తేనె వాడండి, కాలీఫ్లవర్ ఉడకబెట్టి మెదిపితే అన్నమే, మైదా ఎంత వేస్తారో బాదం పిండి అంతే వేయండి, ఇవన్నీ చేస్తే షుగర్ మందులతో పని లేదు. వీటిలో రెండు కార్బ్స్‌ను పెద్దగా తగ్గించవు, రెండు వంట చెడగొడతాయి, చివరిది మనిషి ప్రాణం మీదికే తెస్తుంది.

"బ్రౌన్ రైస్ లో-కార్బ్." కాదు. వండిన తెల్లన్నం 100 గ్రాముల్లో దాదాపు 28 గ్రాముల కార్బ్స్ ఉంటే, బ్రౌన్ రైస్‌లో 23 నుంచి 26 ఉంటాయి. పీచు కాస్త ఎక్కువ, అంతవరకు మంచిదే. ఓట్స్ సంగతీ ఇంతే: 40 గ్రాముల పొడి ఓట్స్‌లో 26 గ్రాములకు పైనే.

"చక్కెర బదులు తేనె." టేబుల్ స్పూన్ చక్కెరలో 12 గ్రాముల కార్బ్స్. అదే స్పూను తేనె బరువు ఎక్కువ కాబట్టి 17 గ్రాములు. స్పూను లెక్కన మార్చితే పెరిగినట్టే.

"కాలీఫ్లవర్ ఉడకబెట్టి మెదిపితే అన్నం." కూర ఎంపిక సరైందే. 100 గ్రాముల్లో 5 గ్రాముల కార్బ్స్, అందులో 2 పీచు. చెడేది వండే పద్ధతి దగ్గర. కాలీఫ్లవర్‌లో 92 శాతం నీళ్ళే; దాన్ని మళ్ళీ నీళ్ళలో ఉడికిస్తే వచ్చేది అన్నం కాదు, గుజ్జు.

అర కిలో పువ్వులు కడిగి పూర్తిగా ఆరనివ్వండి. తురుముపీట పెద్ద రంధ్రాల వైపు తురమండి. మిక్సీ అయితే ఒక్కో క్షణం చొప్పున నాలుగైదు సార్లు తిప్పి ఆపేయాలి, ఆగకుండా తిప్పితే అడుగున పేస్ట్ అవుతుంది. తురుమును బట్టలో కట్టి గట్టిగా పిండండి. వెడల్పాటి మూకుడు బాగా వేడెక్కాక ఒక టేబుల్ స్పూన్ నూనె వేసి, తురుమును పలుచగా పరవండి. మూత పెట్టొద్దు, పెడితే ఆవిరి నీళ్ళై మళ్ళీ అందులోకే కారుతుంది. ఉప్పు దించే ముందే వేయాలి, ముందుగా వేస్తే నీరు ఊరుతుంది. ఐదారు నిమిషాలకు గింజలు దేనికది విడిపోయి, అడుగున అక్కడక్కడ గోధుమ రంగు మచ్చలు పడతాయి. అంచుల్లో నీళ్ళు బుడగలు వేస్తుంటే మూకుడు పట్టనంత వేశారన్నమాట. సగం తీసి రెండు విడతలుగా వేయించండి. ఫ్రీజర్‌లోది అయితే కరగనివ్వకుండా నేరుగా వేడి మూకుట్లో వేయాలి.

దీన్ని ఒక పక్కకు జరిపి రెండు గుడ్లు కొట్టి కలిపితే భోజనమైపోతుంది. గుడ్లలో కార్బ్స్ రెండింటికీ కలిపి ఒక గ్రాము. ఉల్లిపాయ దగ్గర మాత్రం చెయ్యి జారనీయకండి: 100 గ్రాములకు 9 గ్రాములు. చిక్కదనానికి వేసే కార్న్‌ఫ్లోర్ టేబుల్ స్పూనుకు 7.

"మైదా ఎంతో బాదం పిండి అంతే." ఈ ఒక్క మాటతో వృథా అయ్యే పిండి తక్కువేమీ కాదు. మైదాను పట్టి ఉంచేది గ్లూటెన్ అనే సాగే ప్రొటీన్, బాదంలో అది లేదు. పైగా బాదం పిండిలో సగం కొవ్వే. కొలతకు కొలత వేస్తే రొట్టె పెనం మీదే పొడిపొడిగా రాలుతుంది. పట్టు కోసం ఇసబ్‌గోల్ (నీళ్ళు పీల్చి జిగురుగా మారే గింజల పొట్టు), గుడ్డు కావాలి: 100 గ్రాముల బాదం పిండికి 10 గ్రాముల ఇసబ్‌గోల్ పొడి, ఒక గుడ్డు, చిటికెడు ఉప్పు, రెండు మూడు టేబుల్ స్పూన్ల గోరువెచ్చని నీళ్ళు. కలిపిన వెంటనే జారుగా ఉంటే కంగారుపడి పిండి చేర్చకండి. పది నిమిషాల్లో ఇసబ్‌గోల్ నీళ్ళు పీల్చి దానంతటదే బిగుస్తుంది. చేర్చారో, కాల్చాక అట్టముక్కే. రెండు బటర్ పేపర్ల మధ్య ఒత్తి, మధ్యస్థం కన్నా తక్కువ మంట మీద ఒక్కో వైపు రెండు నిమిషాలు కాల్చండి. కొవ్వు వల్ల త్వరగా మాడుతుంది. కొబ్బరి పిండి అయితే లెక్క ఇంకా వేరు: మైదాలో నాలుగో వంతు చాలు, తడి చాలా పీలుస్తుంది.

"మందులు మానేయొచ్చు." ఇన్సులిన్ లేదా గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు వాడేవాళ్ళు ఉన్నట్టుండి కార్బ్స్ తగ్గిస్తే షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు. కాబట్టి మోతాదు మార్పు డాక్టరుతో ముందే తేల్చుకోవాలి, సొంతంగా ఆపేయకూడదు. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ మాత్రలు వాడేవాళ్ళకు ఇంకో చిక్కుంది: కార్బ్స్ బాగా తగ్గిస్తే రక్తంలో కీటోన్లు (కొవ్వు కరిగినప్పుడు తయారయ్యే పదార్థాలు) పేరుకుని కీటో అసిడోసిస్, అంటే రక్తంలో ఆమ్లం ప్రమాదకరంగా పెరిగే స్థితి, రావచ్చు. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం మొదలైతే మీటర్‌లో షుగర్ పెద్దగా లేకపోయినా వెంటనే ఆస్పత్రికి వెళ్ళాలి.