కనబడని లోపానికి లెక్క కావాలి

శంషాబాద్ దాటి ఔటర్ రింగ్ రోడ్డు మీద వెళుతుండగా డాష్‌బోర్డులో పసుపు దీపం వెలిగింది. యాక్సిలరేటర్ ఎంత తొక్కినా కారు వేగం అందుకోవడం లేదు. 150 హార్స్‌పవర్ టర్బో ఇంజిన్, లోడుతో ఘాట్ ఎక్కే పాత వ్యాన్‌లా మూలిగింది. పక్కకు ఆపి, ఇంజిన్ కట్టేసి, అయిదు నిమిషాల తర్వాత స్టార్ట్ చేస్తే అసలేమీ జరగనట్టు పరుగెత్తింది. కొని అప్పటికి నాలుగు నెలలు.

వర్క్‌షాప్‌కు తీసుకెళితే, "ఏదో ఎర్రర్ కోడ్ వచ్చింది సార్, తీసేశాం, ఇక రాదు" అన్నారు. ఏ కోడ్ అని అడిగితే ఎవరికీ గుర్తు లేదు, ఎక్కడా రాసి లేదు. పవర్ మాత్రం మళ్లీ పోయింది. ఈసారి దీపం కూడా వెలగలేదు. తర్వాత నాలుగుసార్లు వెళ్లినప్పుడూ ఒకటే జవాబు: "స్కానర్లో ఏమీ రాలేదు సార్. ఇరవై కిలోమీటర్లు తిప్పి చూశాం, బండి బ్రహ్మాండంగా ఉంది." కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. వచ్చిపోయే లోపాలున్న కార్ల యజమానులు ఈ మాట చాలా వర్క్‌షాపుల్లో విని ఉంటారు.

వాళ్లు అబద్ధం చెప్పారని నేననుకోను. పొద్దున పది గంటలకు, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, కాలనీ రోడ్లలో తిప్పితే ఆ కారు నిజంగా బ్రహ్మాండంగానే ఉంటుంది. నేను చెప్పింది వేరు: ఎండపూట, అరగంట హైవే ప్రయాణం తర్వాత, వంతెన ఎక్కేటప్పుడు అయిదో గేరులో పవర్ పోతోంది అని. అది జాబ్ కార్డు (ఫిర్యాదు, చేసిన పని రాసే వర్క్‌షాప్ కాగితం) మీదికి ఎక్కేసరికి "లో పికప్, జనరల్ చెకప్" అయింది. ఎప్పుడు, ఎక్కడ, ఎలా అన్న ఆనవాళ్లన్నీ సర్వీస్ అడ్వైజర్ బల్ల దగ్గరే రాలిపోయాయి. లోపల మెకానిక్ చేతికి అందింది ఆ నాలుగు మాటలే.

ఇలాంటి లోపాలు ఎక్కువగా పుట్టేది వైరింగ్‌లో, కనెక్టర్లలో. వేడికి లోహం వ్యాకోచిస్తుంది, కుదుపుకు పిన్ను కదులుతుంది, సెన్సార్ నుంచి రావలసిన సంకేతం ఒక్క క్షణం తెగుతుంది. ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్ దాన్ని ప్రమాదంగా భావించి పవర్ తగ్గిస్తుంది. చల్లబడగానే పిన్ను మళ్లీ అతుక్కుంటుంది. చిన్న బానెట్ కింద పెద్ద శక్తిని ఇరికించిన టర్బో కార్లలో వేడి ఎక్కువ, సెన్సార్లూ ఎక్కువే.

కంప్యూటర్ సాక్ష్యాన్ని భద్రపరచకపోదు. కానీ కాలుష్య నియంత్రణకు సంబంధించిన చాలా లోపాలు వరసగా రెండు ప్రయాణాల్లో కనబడితేనే అది వాటిని ఖాయం చేసుకుని దీపం వెలిగిస్తుంది. అప్పటిదాకా అనుమానాల జాబితాలో ఉంచుతుంది. లోపం నమోదైన క్షణంలో ఇంజిన్ వేగమెంత, వేడి ఎంత, కారు ఎంత వేగంలో ఉంది అన్నవి కూడా ఫొటో తీసినట్టు పక్కన పెట్టుకుంటుంది. కోడ్ చెరిపేస్తే ఆ ఫొటో కూడా పోతుంది. దొంగతనం జరిగిన గదిని పోలీసులు వచ్చేలోపు కడిగి ముగ్గు పెట్టినట్టు, మొదటి రోజే నా కారుకు జరిగింది అదే.

ఆరోసారి ఒక పాత ఎలక్ట్రీషియన్ చేతికి కారు చిక్కింది. ఆయన స్కానర్ ముట్టుకోలేదు. ఇంజిన్ నడుస్తుండగా వైర్ల కట్టను మూరమూరకూ కదుపుతూ వెళ్లాడు. టర్బో పక్కనున్న కనెక్టర్ దగ్గర ఇంజిన్ ఒక్కసారి తడబడింది. లాక్ సరిగా పడలేదట. రెండు గంటలు పట్టింది, ఒక్క భాగమూ మార్చలేదు. "సెన్సార్ మార్చి ఉంటే వారంటీలో క్లెయిమ్ వచ్చేది సార్, ఈ రెండు గంటలకు మాకు ఎవరూ ఇవ్వరు" అని నవ్వాడు.

అసలు చిక్కు ఆ నవ్వులో ఉంది. వారంటీ పనికి కంపెనీ డీలరుకు డబ్బిచ్చే పద్ధతి మార్చిన భాగాన్ని బట్టి, ఆ పనికి ముందే కట్టిన గంటల లెక్కను బట్టి నడుస్తుంది. వెతకడానికి గిట్టుబాటు ఉండదు. కాబట్టి, వెతకరు. దానికి తోడు ఖరీదైన వేగపు కార్లు మన దేశానికి వచ్చేదే గుప్పెడు. 2025లో స్కోడా ఆక్టేవియా ఆర్ఎస్ తెచ్చినప్పుడు దేశం మొత్తానికి కేటాయించినవి 100 కార్లు. అలాంటి కారు ఒక ఊరి వర్క్‌షాప్‌కు ఏడాదికి ఎన్నిసార్లు వస్తుంది? మెకానిక్‌కు చేయి తిరిగేది ఎప్పుడు?

లోపం అసలు కారణం ఎంత దూరంలో ఉండగలదో ఫోక్స్‌వాగన్ ఏడు గేర్ల డీఎస్‌జీ గేర్‌బాక్స్ (తనంతట తానే గేర్లు మార్చే రకం) చూపించింది. ఇందులో పొడి క్లచ్చుల (నూనెలో మునగని క్లచ్చుల) రకమే 2013లో భారత్‌కు వచ్చిన పోలో జీటీ టీఎస్ఐలోనూ ఉంది. చైనాలో ఈ గేర్‌బాక్స్ నడుస్తూ నడుస్తూ చక్రాలకు శక్తి అందించడం మానేస్తోందని ఫిర్యాదులు ముదిరి, అదే ఏడాది 3,84,181 కార్లను వెనక్కి పిలిచారు. తర్వాత ప్రపంచవ్యాప్తంగా మరో 16 లక్షల దాకా కార్లకు గేర్‌బాక్స్‌లోని సింథటిక్ ఆయిల్ తీసి మినరల్ ఆయిల్ పోయాలని కంపెనీ నిర్ణయించింది. సింథటిక్ ఆయిల్ వల్ల విద్యుత్ సరఫరాలో షార్ట్ సర్క్యూట్ రావచ్చని తేలింది. కరెంటు జబ్బుకు నూనె మార్పిడి మందు! ఒక యజమాని తన ఒక్క కారును పట్టుకుని దీన్ని రుజువు చేయగలడా?

మన న్యాయవ్యవస్థ దాదాపు అదే అడుగుతుంది. వినియోగదారుల రక్షణ చట్టం 2019లోని 38వ సెక్షన్, పరీక్ష లేకుండా లోపం తేలకపోతే వస్తువును ప్రయోగశాలకు పంపమంటుంది. పరీక్ష రోజున కారు బుద్ధిగా నడిస్తే కొన్నవాడు అబద్ధాలకోరు. తయారీ లోపమని నిరూపించినా మొత్తం కారు మార్చమనడం కష్టం: వారంటీ షరతు లోపమున్న భాగాన్ని మార్చడం గురించే చెబుతోంది కదా అని 2006లో మారుతి ఉద్యోగ్ కేసులో సుప్రీంకోర్టు అంది. ఇక కారుకు చెల్లించింది 50 లక్షలు దాటితే జిల్లా కమిషన్ కాదు, నేరుగా రాష్ట్ర కమిషన్‌కే వెళ్లాలి.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు లెమన్ లా (పదేపదే చెడే కొత్త కారును మార్పించే, లేదా డబ్బు వాపసు ఇప్పించే చట్టం) అనే మాట కొత్త కాదు. 1982లో కనెటికట్ రాష్ట్రం మొదలుపెట్టిన ఈ చట్టాల కిటుకు లెక్కలో ఉంది. అదే లోపానికి నాలుగుసార్లు ప్రయత్నించినా పోకపోతే, లేదా కారు మొత్తం 30 రోజులు వర్క్‌షాప్‌లోనే గడిపితే, కంపెనీకి ఇవ్వాల్సిన అవకాశం ఇచ్చేసినట్టే. ఏ పిన్ను వదులైందో కొన్నవాడు చెప్పనక్కర్లేదు. గేర్‌బాక్స్ గొడవ జరిగిన 2013 అక్టోబరు నుంచే చైనాలోనూ లెక్క వచ్చింది: అయిదుసార్లకు మించిన మరమ్మతు, లేదా 35 రోజులు. 2022 నుంచి దాన్ని నాలుగుసార్లకు, 30 రోజులకు దించారు. మన దగ్గర ఇలాంటి అంకె ఏదీ లేదు. 2019లో మోటారు వాహనాల చట్టంలో చేర్చిన రీకాల్ (కార్లను వెనక్కి పిలిచే) నిబంధన చాలామందికి వచ్చే లోపం కోసం. ఒక్కడి కారును అది పట్టించుకోదు.

అంకె ఒక్కటే తెస్తే చాలదని మాత్రం నా ఫైలు చూస్తే అర్థమవుతుంది. కొన్నవాడి మాటను ఉన్నది ఉన్నట్టు జాబ్ కార్డులో రాయాలని, దొరికిన ప్రతి కోడ్‌నూ చెరిపేముందు ఆ కార్డు మీద అచ్చు వేయాలని, ఏమీ దొరక్కపోయినా ఆ రాకను ప్రయత్నంగానే లెక్కించాలని కూడా చట్టం చెప్పాలి. లేకపోతే నాలుగుసార్లు అని ఎవరు లెక్కపెడతారు? నా దగ్గర ఆరు జాబ్ కార్డులున్నాయి. ఫిర్యాదు గడిలో అయిదింటి మీద "జనరల్ చెకప్" అని ఉంది. చేసిన పని గడిలో మూడింటి మీద ఉన్నది ఒకే మాట: "వాషింగ్".